గడ్డి మిషన్‌లో నా సగం

2025 ఫిబ్రవరి 24, సోమవారం

"పోతే ఇద్దరం పోదాం, లేకపోతే ఇద్దరం ఈడనే ఉందాం." ఈ మాట అన్నది వాడు. నేను కాదు. 1981లో ఆర్మూర్ బస్టాండులో, ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాను. బొంబాయి బస్సు డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. వాడు రాలేదు. బస్సు కదిలింది. బొంబాయిలో మమ్మల్ని మస్కట్ పంపాల్సిన ఏజెంటు రెండో మనిషి ఏడని అడిగితే చచ్చిపోయాడని చెప్పాను.

ఇప్పుడు ఆ మాట నిజం కాబోతోందట.

వాడి కూతురు స్వర్ణలత వచ్చి చెప్పింది. చుట్టరికం లేకపోయినా నన్ను పెద్దబాపు అనే పిలుస్తుంది. స్కూటీ వాకిట్లో ఆపింది. లోపలికి రాలేదు.

"పెద్దబాపు, బాపును దవాఖాన నుంచి తోల్కొచ్చినం. ఇగ చేసేది లేదు, ఇంట్లనే ఉంచుకొమ్మన్నరు."

"ఊపిరితిత్తులేనా?"

"గంతే గద. పసుపు డ్రమ్ము కాడ ఎన్నేండ్లు దుమ్ము మింగిండు! నిన్నొక్కసారి రమ్మంటున్నడు. జర వచ్చి పో."

పసుపు కొమ్ములను డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టే పని వాడిది. బొంబాయి రాని వాడికి అదే దొరికింది.

"గడ్డి మిషన్ది సిలిండర్ మీ ఇంట్లున్నది. గది పంపుమను. మిషన్ తయారైనంక వస్త" అన్నాను.

"మనిషి పోతుంటె ఇనుము అడుగుతున్నవా, పెద్దబాపు?"

వంటింట్లో గంగవ్వ గిన్నె ఎత్తి కింద వేసింది. నలభై ఏళ్లుగా నా మాటలకు నా భార్య ఇచ్చే జవాబు అదే.

వాడి పేరు ఈ డైరీలో రాయను. పాత డైరీల్లోనూ రాయలేదు.

ఫిబ్రవరి 25

నిద్ర పట్టలేదు. సిలిండరు గురించి ఆలోచిస్తున్నాను. సిలిండరు గురించే.

ప్రాజెక్టు గెస్ట్‌హౌసులో మేమిద్దరం తోటపని చేసేవాళ్లం. దొరలు వదిలిపోయిన ఇంగ్లీషు మిషన్ అది. ఇంజను లేదు, చేత్తో తోయాలి. రెండు చక్రాల మధ్య మెలితిరిగిన బ్లేడ్లు పీపాలాగా తిరుగుతాయి, దాన్నే సిలిండరు అంటాం. కింద అడ్డంగా కదలని బ్లేడు ఒకటి. రెండింటి మధ్య గడ్డిపోచ కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. ఒకడు తోసేవాడు, ఒకడు ముందు నడుస్తూ రాళ్లు ఏరేవాడు. వరస మారేవాళ్లం. ఆ చప్పుడు ఇప్పటి పెట్రోలు మిషన్ల అరుపు కాదు. దర్జీ కొత్త బట్ట కత్తిరిస్తున్నట్టు ఉంటుంది.

పాత సామాను వేలంలో ఇద్దరం కలిసి కొన్నాం. తర్వాత బస్సు సంగతి. మస్కట్ నుంచి మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు తెగదెంపులు చేసుకున్నాం. పెద్దమనుషులు కూర్చున్నారు. అన్నదమ్ములు ఎద్దులను పంచుకున్నట్టు గడ్డి మిషన్‌ను పంచారు. చట్రం, చక్రాలు, పిడి నాకు. సిలిండరు, కింది బ్లేడు వాడికి. ఆ తీర్పు చెప్పిన అంజన్న పటేలు తన తెలివికి తానే మీసం తిప్పుకున్నాడు. ఆయన దినాల భోజనానికి నేను వెళ్లలేదు. ఆ రోజు మా ఇంట్లో రెండుసార్లు తిన్నాను.

ఎడారిలో గడ్డి పెంచే ఉద్యోగం చేసి తిరిగొచ్చాక, పాత మిషన్లు బాగుచేయడం నా పని అయింది. క్లబ్బులు పారేసినవి, ఫంక్షన్ హాళ్ల వెనక తుప్పు పట్టినవి, ఏవి దొరికితే అవి. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లు ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నాయి. దాని మీద నిలబడి ఫోటోలు దిగేవాళ్లను చూస్తే జాలి కూడా కలగదు. షెడ్డులో అన్ని మిషన్లూ నడుస్తాయి. ఆ ఒక్క చట్రం తప్ప.

"గడ్డి లేని ఊర్ల గడ్డి కోసే మిషన్లు. నీ అసుంటోనికి నీ అసుంటి పనే దొరికింది" అంటుంది గంగవ్వ.

ఫిబ్రవరి 27

సిలిండరు వచ్చింది. స్వర్ణలత స్కూటీ ముందు పెట్టుకుని తెచ్చింది. పాత నూలు చీరలో చుట్టి ఉంది. కింది బ్లేడు గోనె సంచిలో.

"అడిగిన ఎంటనే ఇయ్యమన్నడు. నేను లొల్లి వెట్టుకున్న. నన్నే తిట్టిండు." చెమట తుడుచుకుంది. "మిషన్ సప్పుడు ఒక్కసారి ఇనాలె అంటున్నడు, పెద్దబాపు. బోళ్లు తోమే జాలారి పక్కన జరంత గడ్డి పెంచుకున్నడు. మేకను గూడ రానియ్యడు. గా గడ్డిల తోసి సూపియ్యాల్నట నువ్వు."

"ఆ గడ్డి ఎక్కడిది?"

"గెస్ట్‌హౌసుల పీకిందట. నేను చిన్నగున్నప్పటి సంది ఉన్నది."

ఆదివారం వస్తానని చెప్పాను. మాట ఇచ్చాను. నేను మాట ఇస్తే అది మాటే. ఈ ఊళ్లో ఆ ముక్క చెప్పుకోగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

ఫిబ్రవరి 28

చీర విప్పాను.

వాడు ఏం చేశాడో అర్థం కావడం లేదు. బ్లేడ్ల వంపు బాగుంది. ఇరుసు తిన్నగా ఉంది. వాడు నూనె కూడా పూశాడు, చీరకు మరకలున్నాయి. కానీ ప్రతి బ్లేడు అంచునా గుంటలు. లోతైన తుప్పు గుంటలు. వానకు తడిసిన తుప్పు ఇలా ఉండదు, అది అంతటా పాకుతుంది. ఇవి సమాన దూరంలో, వరసగా, ప్రతి బ్లేడు మీదా ఒకే చోట ఉన్నాయి. ఎవరో కూర్చుని, లెక్క పెట్టి, ఇనుమును తొలిచినట్టు.

కావాలని చేశాడా? తన వాటా నాకు దక్కినా పనికి రాకూడదని?

గంగవ్వకు చూపించాను. చాలాసేపు చూసింది. గిన్నె కూడా ఎత్తెయ్యలేదు.

మార్చి 1

వాల్వులకు వాడే గ్రైండింగ్ పేస్టు పూసి, సిలిండరును వెనక్కి తిప్పుతూ రోజంతా కూర్చున్నాను. నా చేతులు ఇంతకుముందులా లేవు. స్పానర్ పట్టుకుంటే దానంతట అది వణుకుతుంది. గుంటలు తగ్గలేదు.

రేపు ఆదివారం.

మార్చి 2, ఆదివారం

కాలేదు.

స్వర్ణలతకు ఫోన్ చేశాను. బుధవారం అన్నాను.

"పొద్దుగాల్నే గడ్డం గీపిచ్చుకున్నడు పెద్దబాపు. తెల్లంగి తొడిగిపిచ్చుకొని బయట కుర్చీల కూసున్నడు. లోపలికి రమ్మంటే వస్తలేడు."

"పని సగంల ఉన్నది. సగం పని నేను చెయ్య."

"గాయనకు సప్పుడు చాలు."

ఆ పిల్లకు మిషన్ల గురించి ఏం తెలుసు?

మార్చి 3

రుద్దాను. ఏమీ మారలేదు.

మార్చి 4

రష్యన్ నవలల అనువాదాలు నాలుగు బీరువాలు ఉన్నాయి నా దగ్గర. అన్నీ చదివాను. వాటిలో పగ పెంచుకున్నవాళ్లు చివర్లో ఒకరి కాళ్ల మీద ఒకరు పడి ఏడుస్తారు. అందుకే ఈ మధ్య చివరి అధ్యాయాలు చదవడం మానేశాను. చరిత్ర పుస్తకాలు నయం. అక్కడ ఎవరూ ఎవరినీ క్షమించరు, చచ్చేదాకా కొట్టుకుంటారు. కానీ వాటిలో కూడా బస్టాండులో నిలబడి ఎదురుచూసినవాడి గురించి ఒక్క వాక్యం ఉండదు.

వాడు ఎందుకు రాలేదో నాకు తెలియదని ఎవరూ అనుకోనక్కర్లేదు. తెలుసు. ఆ రాత్రి వాడి భార్యకు నొప్పులు వచ్చాయి. కారణం వేరు, మాట వేరు. కనీసం బస్టాండుకు వచ్చి చెప్పొచ్చు కదా. అప్పుడు వాడుండేది ఆర్మూర్‌లోనే, రెండు వీధుల దూరం. వాడు వచ్చి చెబితే నేను ఉండిపోయేవాణ్ని.

ఉండిపోయేవాణ్నే.

మార్చి 5, బుధవారం

పొద్దున మిషన్ బిగించి కాగితం పరీక్ష చేశాను. పేపరు ముక్క బ్లేడ్ల మధ్య పెట్టి చక్రం తిప్పాలి. మిషన్ సరిగా ఉంటే కాగితం గీత గీసినట్టు తెగుతుంది. నాది కొంత తెగింది, గుంట ఉన్నచోటల్లా నలిగి వేలాడింది. తెగినచోటు ఎంత బాగా తెగిందో! అది చూస్తే కడుపు మండింది.

అయినా బయలుదేరాను. గంగవ్వ పొయ్యి దగ్గరి నుంచి, "గా మనిషి గడ్డి కోపిచ్చుకుంటనన్నడా, సప్పుడు ఇంటనన్నడా?" అని అడిగినందుకు కాదు. మాట ఇచ్చాను కాబట్టి.

బుచ్చన్న ఆటో వెనక సీటు తీసేసి మిషన్ ఎక్కించాం. పెర్కిట్‌లో వాడి గల్లీ నిండా ఉడికించిన పసుపు ఎండబోశారు. సగం రోడ్డు పసుపే. ఆటో పాకుతున్నట్టు పోయింది. మూల తిరగ్గానే కనబడ్డాడు. అరుగు ముందు ప్లాస్టిక్ కుర్చీలో. తెల్ల చొక్కా. లోపల మనిషి లేనట్టు, చొక్కానే కుర్చీ మీద ఆరేసినట్టుంది. తల మాత్రం రోడ్డు వైపే ఉంది.

స్పీడ్ బ్రేకర్ మీద ఆటో ఎగిరింది. మిషన్‌లో బేరింగు టక్కుమంది.

"బుచ్చన్నా, తిప్పు" అన్నాను.

"ఎటు?"

"ఇంటికి. బేరింగ్ వదులైంది."

"ఇంటి ముంగటికి వచ్చి మల్లిపోతవా, పెద్దమనిషీ? గాయన చెయ్యి ఊపుతున్నడు సూడు!"

"తిప్పమన్న గద!"

బుచ్చన్న దారి పొడుగునా హారన్ కొట్టుకుంటూ నడిపాడు.

కుర్చీలో వాడు చెయ్యి ఊపలేదు. ఈగలను తోలుకున్నాడు. మార్చిలో పెర్కిట్‌లో ఈగలు ఎక్కువ.

మార్చి 6

బేరింగు విప్పి చూశాను. బాగానే ఉంది.

మార్చి 7

స్వర్ణలత వచ్చింది. ఈసారి చెప్పులు విడిచి నేరుగా షెడ్డులోకి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. డబ్బా మీద కూర్చుంది.

"మొన్న వచ్చి పోయినవట."

"ఎవరన్నరు?"

"బాపే అన్నడు. 'లింబాద్రి వచ్చి పోయిండు' అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గాయన మాత్రం, 'మిషన్ల ఏదో తక్కువైనట్టున్నది బిడ్డా, ఆయన పని గట్లనే ఉంటది, మంచిగైనంకనే తెస్తడు' అని నన్నే సముదాయించిండు."

నేను పేస్టు డబ్బా మూత తీశాను, పెట్టాను.

"తక్కువ మీ బాపు చేసిందే" అని సిలిండరు వెలుతురుకు తిప్పి చూపించాను. "సూడు. ఏం చేసిండు దీన్ని? ఏంతోని పొడిసిండు?"

వంగి చూసింది. వేలు పెట్టి ఒక్కో గుంటను తడిమింది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గివి బొట్లు, పెద్దబాపు."

"ఏం బొట్లు?"

"ప్రతి దసరాకు కొడవండ్లు, గడ్డపారలు కడిగి పెడతం గద. గవిట్ల మొదలు దీన్నే పెట్టేటోడు. నీళ్లతోని కడిగి, తడి పసుపు వరసగ బొట్లు పెట్టి, మీద కుంకుమ. ఒక్కో రెక్కకు. తుడవనిచ్చేటోడు కాదు. దేవునికి పెట్టింది తుడుస్తరా అని గట్లనే చీరల చుట్టి అటుక మీద పెట్టేటోడు. మల్ల దసరాకే దించుడు. పాత బొట్టు మీదనే కొత్త బొట్టు. మేమందరం నగేటోళ్లం. 'పెద్దబాపు ఆయుధం, ఊకోండ్రి' అనేటోడు. చెయ్యి వణుకుడు మొదలైనంక రెండేండ్ల సంది నేనే పెడుతున్న."

తడి పసుపు, కుంకుమ, ఏడాదంతా చీరలో చెమ్మ. ఇనుము ఏమవుతుంది? ఆరో తరగతి పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు. జీవితమంతా పసుపులో బతికిన మనిషికి అది తెలియదా? మిగతా భాగమంతా నూనె పూసి కాపాడాడు. పూజ చేసిన చోట మాత్రం తినేసింది.

ఆ మాటే అన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. అజ్ఞానం అన్నాను, మూఢనమ్మకం అన్నాను. సిలిండరును గట్టు మీద ఎత్తి పడేశాను.

ఆమె లేచింది. "నీకు బొట్టు పెట్టుడు తప్పే. రాకపోవుడు తప్పే. నేను గా రాత్రి పుట్టుడే మొదటి తప్పు గద, పెద్దబాపు? జర ఆగి తెల్లారి పుట్టకపోతినా!"

వాకిలి దాకా పోయి తిరిగి చూసింది.

"ఆదివారం దాకా ఉంటడో లేడో. బొట్లతోనే తే."

గంగవ్వ ఆ పిల్లకు చల్ల ఇచ్చి పంపింది. నాకు రాత్రి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, "నీ మస్కట్ సంచికి బొట్టు పెట్టింది గూడ గాయనే. యాదికున్నదా?" అంది.

లేదు. నాకు గుర్తు లేదు.

మార్చి 8, శనివారం

గుంటలు పోవాలంటే బ్లేడ్లను సగం దాకా అరగదీయాలి. అంత అరగదీస్తే బ్లేడు కిందికి అందదు, మిషనే ఉండదు. అంటే ఈ పని కాదు. మొదటి రోజే తెలిసి ఉండాల్సింది. తెలిసిందేమో కూడా.

సాయంత్రం దాకా ఊరికే తిప్పుతూ కూర్చున్నాను. నూనె వేసి, పేస్టు తుడిచి, గాలిలో తిప్పాను. చప్పుడులో ఏ లోపమూ లేదు. అదే చప్పుడు. దర్జీ కొత్త బట్ట. కళ్లు మూసుకుంటే ఎదురుగా ఒకడు రాళ్లు ఏరుతూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

రేపు తెల్లవారగానే వెళ్తాను. బుచ్చన్నకు చెప్పాను. "ఈపారి మల్లుతనంటె నేను మల్లియ్య" అన్నాడు. సరే అన్నాను. ఏం మాట్లాడాలో అనుకున్నాను. ఏమీ మాట్లాడను. తోస్తాను, అంతే. వాడు వింటాడు. వింటే వాడికి తెలుస్తుంది, ఏది ఎవరి వల్ల పాడయిందో.

గంగవ్వ నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించింది. నేను అడగలేదు.

మార్చి 9, ఆదివారం

ఆటో వచ్చింది. మిషన్ ఎక్కించాం. గేటు వేస్తుంటే ఫోన్ మోగింది.

మిషన్ దించేశాం.

మార్చి 10

మనుషులు చాలామంది వచ్చారు. పసుపు డ్రమ్ముల దగ్గర పనిచేసేవాళ్లందరూ వచ్చారు. వాడికి అంతమంది ఉన్నారని నాకు తెలియదు. నాకు దారి ఇచ్చారు. ముందుకు పొమ్మన్నారు. నేను వెనకే నడిచాను. మూడు వారాల పాటు... కాదు, రెండు వారాలే. రెండు వారాలు కూడా ఆగలేకపోయాడు.

ముఖం చూడమన్నారు. చూశాను. గడ్డం గీసి ఉంది.

నేను ఏడవలేదు. ఎండకు కళ్ల నుంచి నీళ్లు కారాయి. బుచ్చన్న తువ్వాలు ఇచ్చాడు. ఆ తువ్వాలు కంపు కొట్టింది.

మార్చి 14

హోలీ. గల్లీలో అరుపులు. గేటుకు తాళం వేసి లోపల కూర్చున్నాను. సిలిండరు గట్టు మీద ఉంది. గుంటలు ఉన్నాయి.

మార్చి 15

ఏమీ లేదు.

మార్చి 21, శుక్రవారం

దినాలు అయిపోయాయి. పొద్దున మిషన్ ఆటోలో వేసుకుని పెర్కిట్ వెళ్లాను.

జాలారి పక్కన, మంచం పట్టేంత గడ్డి. నేను అనుకున్నదాని కంటే చిన్నది. ఇన్ని రోజులూ ఎవరూ ముట్టుకోలేదు, చీలమండ దాకా పెరిగింది. పక్కన కుర్చీ ఇంకా అక్కడే ఉంది. రోడ్డు వైపు తిరిగి ఉంది.

స్వర్ణలత బయటికి వచ్చింది. మిషన్‌ను చూసింది. ఇప్పుడెందుకు తెచ్చావని అంటుందని, దానికి నేను చెప్పాల్సిన జవాబు దారిలోనే తయారు చేసుకున్నాను. ఆమె అనలేదు. కుర్చీని గడ్డి వైపు తిప్పింది. కూర్చోలేదు. నిలబడింది.

తోశాను. మిషన్ తిన్నగా పోయింది. ముందు రాళ్లు ఏరేవాళ్లు లేరు. రాళ్లు లేవు కూడా. ఒక్క గులకరాయి లేకుండా ఏరి పెట్టుకున్నాడు.

చప్పుడు వచ్చింది. గోడ మీద పిల్లలు ముగ్గురు ఎక్కి చూశారు. పక్కింటి ముసలామె, "ఏం సప్పుడే గది?" అని అడిగింది. "మా బాపు మిషన్" అంది స్వర్ణలత. తర్వాత నా వైపు చూసి, "సగం" అంది.

చివరిదాకా పోయి వెనక్కి తిరిగి చూశాను. గడ్డి తెగింది. కానీ తెగిన గడ్డి మధ్యలో సన్నని గీతలు నిలబడి ఉన్నాయి. నిటారుగా, సమాన దూరంలో, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. బొట్టు ఉన్నచోట బ్లేడు గడ్డిని ముట్టలేదు.

అడ్డంగా తోశాను. గీతలు తెగి చుక్కలుగా మిగిలాయి. ఎన్నిసార్లు తోసినా ఏవో కొన్ని నిలబడే ఉన్నాయి. నాకు ఊపిరి అందలేదు.

"ఇగ చాలు పెద్దబాపు. ఉండనియ్యి గవిటిని" అంది. "నీళ్లు తాగు."

కుర్చీలో కూర్చోబెట్టింది. నేను కూర్చోనన్నాను. కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే రోడ్డు మూల దాకా కనబడుతుంది. స్పీడ్ బ్రేకర్ కనబడుతుంది. ఆటో వస్తే, ఆటోలో ఎవరున్నారో కూడా కనబడుతుంది.

కూర్చున్నంతసేపూ ఒక్క ఈగ వాలలేదు.

సాయంత్రం అయింది. ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. గంగవ్వ అన్నం తినమంటోంది. ముందు ఒక సంగతి తేల్చాలి.

నేను ఆదివారం వస్తానన్నాను. బ్లేడు బాగుంటే మొదటి ఆదివారమే పోయేవాణ్ని. బుధవారం పోయేవాణ్ని. పోయాను కూడా. తడి బొట్టు పెట్టి బ్లేడును పాడుచేసింది నేను కాదు. రెండు వీధులు నడిచి బస్టాండుకు రానిది నేను కాదు. ఇంకొక్క పూట ఆగనిది నేను కాదు. ఇది ఎవరైనా చదివితే పొరపాటు పడకూడదు, తప్పు ఎవరిదో రాసి పెట్టాలి. ఇన్నేళ్లూ రాయని పేరు. చెయ్యి వణుకుతోంది కాబట్టి అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

భూమయ్య.